బరువెత్తే పిల్లకి ఏ పొడి?

మా మనవరాలు ఇనుము ఎత్తుతుంది. మా ఊళ్లో ఈ మాట చెబితే "ఏం, ఇల్లేమన్నా కడుతున్నారా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇల్లు కాదు, పోటీలు. కడ్డీకి అటూ ఇటూ చక్రాలు తగిలించి ముందు భుజాల దాకా లేపాలి, ఊపిరి తీసుకుని అక్కడి నుంచి తల మీదికి ఎత్తాలి. దర్శిలో ఒక పాత గోడౌన్లో జిమ్ము ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మా పిల్ల శని, ఆదివారాలు తప్ప రోజూ కాలేజీకి ముందు అక్కడికి వెళ్తుంది.

పోయిన కోతల కాలానికి అది ఎత్తే బరువు డెబ్బై కిలోల దగ్గర ఆగిపోయింది. రెండు నెలలు ఎంత గింజుకున్నా డెబ్బై దాటలేదు. మార్చిలో గుంటూరులో ఎంపిక పోటీలు. డెబ్బై అయిదు ఎత్తితే రాష్ట్ర శిబిరానికి తీసుకుంటారని కోచ్ సారు చెప్పాడు. ఎత్తకపోతే ఈ ఏడాదితో ఆపేసి చదువు చూసుకోవాలని వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, ముందే చెప్పి ఉన్నాడు. పిల్ల సరేనంది గానీ ఆ సరే అన్న రోజు అన్నం సగం వదిలేసింది.

వ్యాయామం చేశాక కండ కోలుకోవాలట, కోలుకుంటేనే బలం పెరుగుతుందట. పిల్లకి పొద్దున లేస్తే తొడలు పట్టేసి ఉండేవి. మెట్లు దిగడానికి గోడ పట్టుకునేది. "కోలుకోవడానికి పొడులుంటాయి నాన్నా" అంది ఒకరోజు. అంతే, నా కొడుకు దర్శి వెళ్లి మూడు డబ్బాలతో వచ్చాడు. ఒక్కొక్కటీ చిన్న బిందంత ఉంది.

"ఏందిరా ఇన్ని?" అన్నాను.

"షాపతను చెప్పాడమ్మా. ఇది ప్రోటీను, ఇది ఒళ్లు రావడానికి, ఇది నొప్పులు తగ్గడానికి. మూడూ కలిపి వేస్తే బాగా పనిచేస్తదంట."

మూడూ కలిపి వేయడం మాకు కొత్త కాదు. మిరపకి పురుగు మందు, తెగులు మందు, పైరు పచ్చబడే టానిక్కు ఒకే డ్రమ్ములో పోసి, కర్రతో తిప్పి, ఒకే దెబ్బకి కొట్టేస్తాం. నా కొడుకు పిల్లకి కూడా అలాగే పెద్ద స్టీలు గ్లాసులో మూడు పొడులూ వేసి, పాలు పోసి, పప్పు గుత్తితో చిలికి ఇచ్చాడు. పిల్ల ముక్కు మూసుకుని తాగింది. ఆ పూట బస్సు దర్శి చేరే లోపు రెండుసార్లు ఆపించుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు యాభై ఏళ్లు వచ్చేదాకా చదువు రాదు. ఈ పిల్లే ఒకటో తరగతిలో పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. దానికి ఒత్తులు వచ్చిన నెలకి నాకూ వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తర్వాత పట్టుకున్నాను. లేటుగా తిండి దొరికిన మనిషిలాగా కనబడిందల్లా చదువుతాను. బస్సు బోర్డులు, పెళ్లి కార్డులు, పురుగు మందు డబ్బాలో మడతలు పెట్టి ఉండే కాగితం, అన్నీ.

కాబట్టి ఆ డబ్బాలు కూడా ముందేసుకుని కూర్చున్నాను. నేను అక్షరాలు కూడబలుక్కుంటుంటే పిల్ల అర్థం చెప్పేది. సరుకుల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారట. ఒళ్లు వచ్చే డబ్బాలో మొదటి పేరు ఏదో పిండి పదార్థం, చక్కెరకి చుట్టం. ప్రోటీను డబ్బాలో ఒక గరిటెకి ఇరవై నాలుగు గ్రాములని ఉంది.

"గుడ్డులో ఎంతుంటదే?"

"ఆరు దాకా నాయనమ్మా."

"అయితే ఈ గరిటె నాలుగు గుడ్లన్నమాట. మన కోళ్లకి చెబితే నవ్వుతాయి."

"నాలుగు గుడ్లు తిని బస్సెక్కి, దిగంగానే బరువెత్తు చూద్దాం. పొడైతే నీళ్లలో కలుపుకుని తాగేస్తా."

అదీ నిజమే. ప్రోటీను డబ్బా ఉంచాం. ఒళ్లు వచ్చేది పక్కన పెట్టాం. నొప్పుల డబ్బాలో ఉన్నది కూడా ప్రోటీనులోని ముక్కలేనని, తిండి సరిగా ఉంటే వేరే అక్కర్లేదని పిల్ల సారుని అడిగి వచ్చింది. మిగతాదంతా వంటింట్లోంచి వచ్చింది. పెసరట్టు, గుడ్లు, వేరుశనక్కాయలు, మినప సున్నుండలు. నెల గడిచింది. తొడల నొప్పులు అలాగే ఉన్నాయి. డెబ్బై అలాగే ఉంది.

అప్పుడు నా కొడుకు ఇంకో పొట్లం తెచ్చాడు. తెల్లటి కవరు, లోపల పొడి. పైన పేరు లేదు, ఊరు లేదు, తారీఖు లేదు.

"ఇది మామూలుగా అమ్మరంటమ్మా. తెలిసినవాళ్లకే ఇస్తారు. పది రోజుల్లో తేడా కనపడిద్దంట."

ఈ మాట నేను అంతకు ముందు విన్నాను. మిరపకి నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది ఇలాగే లేబులు లేని సీసా ఒకటి మా ఇంటికి వచ్చింది. బయో మందన్నారు, ఆకులూ వేర్లతో చేసిందన్నారు. కొట్టిన మూడో రోజుకి చేను కళకళలాడింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. నెల తిరిగేసరికి పూత రాలి, ఆకు ముడుచుకుని చేను కూలబడింది. లోపల ఏం కలిపారో ఎవరికీ తెలియదు. అడగడానికి సీసా మీద పేరు లేదు.

"చేను పోతే ఇంకో చేను వేశాంరా. పిల్ల పోతే ఏం వేస్తావు?" అన్నాను.

"అదేం మాటమ్మా!"

"మరి నువ్వు తెచ్చింది ఏం మందు? చెప్పు, చదువుతా."

వాడు కవరు అటూ ఇటూ తిప్పాడు. చదవడానికి ఏమీ లేదు. పిల్ల మాత్రం దానికేసే చూస్తోంది. పోటీకి మూడు వారాలే ఉంది మరి. "ఒక్కసారి చూద్దాం నాయనమ్మా" అంది చిన్నగా. దానికి కాదనే ధైర్యం నాకు లేకపోయింది. సారునే అడుగుదామని పొట్లం కొంగున కట్టుకుని, పిల్లని వెంటబెట్టుకుని దర్శి బస్సెక్కాను.

కోచ్ సారు పొట్లం చూసి చెత్తబుట్టలో వేశాడు. "ఇందులో ఏం కలిసినా మూత్ర పరీక్షలో దొరికితే పిల్లని ఏళ్ల తరబడి పోటీలకి రానివ్వరండి. లివరు దెబ్బతింటే అది వేరే సంగతి" అన్నాడు. క్రియాటిన్ అనే పొడి ఒకటుందని, బలానికి పనికొస్తుందని, అదైనా డాక్టరుని అడిగి, పరీక్ష చేసిన ముద్ర ఉన్న డబ్బా చూసి, చిన్న చెంచాడు చాలని చెప్పాడు. తర్వాత పిల్ల వైపు తిరిగాడు.

"ఆదివారం ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదు సార్. రెస్టే."

మా ఇంట్లో క్రమశిక్షణ గురించి సారుకి తెలియాలని నేనూ అందుకున్నాను. "రెస్టేనండీ. మాతో పాటు మిరపకాయలు కోస్తదంతే."

సారు కుర్చీలో ముందుకి జరిగాడు. "ఎన్నింటి నుంచండీ?"

"ఆరింటి నుంచి. సాయంత్రం అయిదు దాకా."

"నడుం వంచేనా?"

"నిలబడి కోసే మొక్క ఇంకా రాలేదు కదండీ!"

"శనివారం?"

"కల్లంలో కాయ బస్తాల్లోకి తొక్కుద్ది. బలమున్న పిల్ల కదాని మోత కూడా దాని చేతే చేయిస్తాం." ఇది చెప్పేటప్పుడు నాకు ఎంత గర్వమో!

సారు నవ్వాలో తిట్టాలో తెలియనట్టు ముఖం తుడుచుకున్నాడు. "అమ్మా, ఇన్నాళ్లూ ఆ పొడులూ గుడ్లూ మీరు పిల్లకి పెట్టలేదు. మీ మిరప చేనుకి పెట్టారు. కండ కోలుకునేది పడుకున్నప్పుడండీ. ఆ రెండు రోజులూ మీరు దానికి మిగల్చలేదు."

తిరుగు బస్సులో ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. మా ఇళ్లలో సొంత చేలో చేసేది పని కిందికి రాదు. కూలికి వెళ్తే పని. జనాభా లెక్కలకి వచ్చిన పంతులు "ఏం చేస్తావమ్మా" అంటే "ఏం లేదు, ఇంట్లోనే" అని రాయించుకున్న మనిషిని నేను. ఆ జవాబే పిల్ల నోటా వచ్చింది. ఎవరు నేర్పారని వేరే అడగాలా?

ఇంటికొచ్చి, పోటీ అయ్యేదాకా పిల్ల చేలోకి రాదని చెప్పాను.

"రెండో కోత మీదుందమ్మా. మనుషులే దొరకట్లేదు. ఒక చెయ్యి తగ్గితే ఎట్టా?" అన్నాడు కొడుకు.

"పిల్ల గెలవకపోతే ఆపేయమంది నువ్వే. గెలవకుండా చేసేది మనమేరా."

వాడు ఒప్పుకున్నాడు. మొండికేసింది పిల్లే. మొదటి ఆదివారం ఎనిమిదింటికల్లా సంచి నడుముకి కట్టుకుని చేలోకి వచ్చేసింది. "నువ్వు వంగి కోస్తుంటే నేను మంచమెక్కి పడుకోనా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు?"

"ఊళ్లోవాళ్లు వచ్చి డెబ్బై అయిదు ఎత్తుతారా? పోవే ఇంటికి!" మట్టిగడ్డ తీసి బెదిరిస్తే గానీ వెళ్లలేదు.

కోత వెనకబడింది. మూడో వారం మబ్బు పట్టి జల్లు పడింది, చివరి సాళ్లలో పండిన కాయ తడిసి మచ్చలు తేలి ధర రాని తాలు అయింది. కొడుకు ఆ కాయలు ఏరుతూ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. కానీ పొద్దున్నే మెట్ల మీద పిల్ల అడుగుల చప్పుడు మారింది. గోడ పట్టుకోవడం లేదు. గబగబా దిగుతోంది.

గుంటూరుకి ముగ్గురం వెళ్లాం. మొదటిది అరవై ఎనిమిది, తేలిగ్గా లేపింది. రెండోది డెబ్బై రెండు. అదీ లేచింది. నా కొడుకు లేచి నిలబడి మళ్లీ కూర్చోలేదు. మూడోది డెబ్బై అయిదు. కడ్డీ భుజాల మీదికి వచ్చింది. దాని కింద గొంతు కూర్చున్న పిల్ల నెమ్మదిగా లేచింది. తల మీదికి తోసింది. ఎడమ మోచెయ్యి ఒక్కసారి వణికి నిలబడింది. ముగ్గురు న్యాయనిర్ణేతలవి రెండు తెల్ల లైట్లు, ఒక ఎర్ర లైటు వెలిగాయి. రెండు తెల్లవైతే ఎత్తినట్టేనట.

"ఆ ఎర్రదెందుకంట? ఎవడు వేసింది?" అని నా కొడుకు న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి బయల్దేరితే చొక్కా పట్టుకుని ఆపాను.

ఆ తర్వాతి ఆదివారం మూడో కోత. నేను చేలోకి వెళ్తుంటే కూలికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. "ఏం పెద్దమ్మా, గెలిచిందిగా, ఇంక మనవరాలు రాదా కోతకి?" అంది ఒకామె.

"దానికి పనుంది."

"ఏం పని?"

"నిద్రపోతోంది" అన్నాను.

వాళ్లు పగలబడి నవ్వారు. నేను సంచి కట్టుకుని నా సాలు పట్టుకున్నాను.