రావుగారి కుటుంబం

గంగాభవాని యంత్రాలను ద్వేషించే మనిషి కాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా రిటైరైన గోవిందరావుకు కోడలు కాబట్టి, యంత్రమంటే ఆమెకు పుట్టింటి మీదకన్నా ఎక్కువ గౌరవం. ఆమె అసహ్యించుకునేదల్లా, యంత్రాన్నని చెప్పుకుంటూ పని చెయ్యని వాటిని.

ఆ ఊళ్ళోనే సుభాష్‌పల్లి పేటలో ఉన్న రిటైరైన రైల్వే కార్మికుల సంఘానికి ఆమే కార్యదర్శి, ఆమే గుమస్తా, పనిమనిషి రానిరోజున ఆమే చీపురు. సభ్యుల వివరాలన్నీ ఎక్సెల్‌లో ముత్యాల్లా పేర్చిపెట్టుకుంది. ఈలోగా ఒక ట్రస్టువాళ్ళు ఉచితంగా శుక్లాల ఆపరేషన్లు చేస్తామన్నారు. అయితే శుక్రవారం సాయంత్రంలోగా ఒక్కొక్కరి పేరూ వాళ్ళ వెబ్‌సైటు ఫారంలో నింపాలి. ఎక్సెల్ పంపితే పుచ్చుకోరు. వాళ్ళ డేటాబేసు మహా మడి. ఇంకొకరు వండి వడ్డించింది ముట్టదు.

గోవిందరావుకు రెండు కళ్ళూ మసకబారాయి. మొన్న చిలక్కొయ్యకి వేలాడుతున్న తన కోటునే "రండి, కూకోండి" అని మర్యాద చేశాడు. ఎలాగైనా ఆయన కళ్ళు బాగుచేయించాలని కోడలి పట్టుదల.

అందుకని ఎక్సెల్‌లోని పేర్లను తనే ఫారంలో నింపేసే సాఫ్ట్‌వేరు కోసం అన్వేషణ ఆరంభమైంది. మొదటిది తానేం చేస్తుందో చెప్పకముందే క్రెడిట్ కార్డు నంబరు అడిగింది. రెండోది ఫోన్ నంబర్లన్నీ వయసు గడిలో నింపి, సభ్యులందర్నీ చిరంజీవుల్ని చేసింది. మూడోదాన్ని ఎలా వాడాలో చెబుతానని వీడియోలో ఒకాయన ప్రత్యక్షమై, ఛానెల్‌కి సబ్‌స్క్రైబ్ చెయ్యమని బతిమాలుతూ బతిమాలుతూనే అంతర్ధానమయ్యాడు. మూడింటి మీదా గంగాభవాని ఒకటే సమీక్ష వెలువరించింది: "ఛీ."

హిజ్లీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తూ, మన తెలుగువాళ్ళ ఇడ్లీ కోసం సంఘానికి వచ్చిపోయే గుంటూరు వాడు హరిబాబు నాలుగోది తెచ్చాడు.

"ఇది చాలా తెలివైందండీ. పేరుని తనే మూడు ముక్కలు చేసి మూడు గడుల్లో పెట్టేస్తుంది. ఆఖరి ముక్క ఇంటిపేరు."

"పేరుని ముక్కలు సేయడవేటి బాబూ, వంకాయా అది?"

"ముందు చూడండి మీరు."

జాబితాలో మొదటి పేరు తపన్ కుమార్ ఘోష్. ఆయన సంఘానికి అధ్యక్షుడు కనక, అక్షరక్రమం ఏమైనా మొదటి వరుస ఆయనదే. మూడు ముక్కలూ మూడు గడుల్లో బుద్ధిగా కూర్చున్నాయి. గంగాభవాని మనసు కరిగింది.

"సర్లే, మిగిలినోల్లని కూడా తోలీ."

మర్నాడు పొద్దున్నే ట్రస్టు నుంచి ఒకామె బెంగాలీలో ఫోన్ చేసింది. "దీదీ, కుటుంబానికి ఒక్క ఆపరేషనే ఇస్తాం. ఒకే పేట, ఒకే ఇంటిపేరు ఉంటే మా కంప్యూటరు ఒకే కుటుంబంగా లెక్కేస్తుంది. మీ రావుగారి కుటుంబం మరీ పెద్దది. అందరూ కలిసే ఉంటున్నారా?"

గంగాభవాని కంప్యూటరు తెరిచి చూసింది. రైల్వే రికార్డుల్లో మనవాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. గోవింద విడిగా, రావు విడిగా రాస్తారు. అప్పల రావు, సింహాద్రి రావు, గోవింద రావు, అందరికీ ఆఖరి ముక్క రావే. సిక్కోలు జిల్లాలోని సకల ఊళ్ళవాళ్ళూ, సకల కులాలవాళ్ళూ, ఎదురుపడితే మొహాలు తిప్పుకునే వియ్యంకులూ రాత్రికి రాత్రి ఒకే ఇంటివాళ్ళయిపోయారు. సంఘసంస్కర్తల వల్ల కాని పని.

"ఇంటిపేరు ఆకర్న ఉంటాదని దీనికెవుడు సెప్పినాడు బాబూ?"

"ఘోష్ గారికి సరిపోయింది కదండీ."

"ఘోష్ దాదాకి ఆపరేషనెప్పుడో అయిపోనాది. మిగిలినోల్లకే కల్లు కనపడవు."

ఇక మార్గం లేదు. తప్పుగా ఎక్కిన పేర్లన్నీ తుడిచి, ఇంటిపేరు ఆఖరి గడిలో పెడుతూ చేత్తోనే కొట్టడం మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేరు పక్కన కూర్చుని స్పెల్లింగులు చూసిపెట్టే ఉద్యోగానికి దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం మామగారి పేరు వచ్చింది: బొడ్డేపల్లి గోవిందరావు. ఆ కిందనే బొడ్డేపల్లి నూకరాజు. ఆయన గోవిందరావు సొంత తమ్ముడు, వెనక వీధిలో వేరు కాపురం. అన్నదమ్ములకు మాటల్లేవు.

"అయ్యో, ఇద్దరూ బొడ్డేపల్లేనా?" అన్నాడు హరిబాబు. "మళ్ళీ ఒక్కరికే ఇస్తారండీ."

అప్పుడే తెరమీద ఒక ప్రశ్న తేలింది: ఈ రెండు ఇంటిపేర్లూ ఒకటేనా? స్పెల్లింగు సరిచెయ్యమంటారా?

ఉద్యోగంలో చేరిననాడు రైల్వే గుమస్తా అన్నకి ఇంటిపేరు చివర ఇంగ్లీషు 'ఐ' రాశాడు, తమ్ముడికి 'వై' రాశాడు. అసలైన బొడ్డేపల్లి నాదేనని తమ్ముడు ఒక పెళ్ళిలో నలుగురి ముందూ అన్నాడు. మాటలు ఆగింది అక్కడే.

హరిబాబు చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది.

"సెయ్యి తీ బాబూ," అంది గంగాభవాని. "నువ్వు సదువుకున్నోడివి, దూరంగా కూకో."

ఐ ఐగానే, వై వైగానే కొట్టింది. డేటాబేసు ఆ తప్పును సగౌరవంగా స్వీకరించి, ఇద్దరినీ రెండు కుటుంబాలుగా గుర్తించింది. నిజానికి రెండు కుటుంబాలే.

సాయంత్రం ట్రస్టు పంపిన తేదీలు పట్టుకుని ఇంటికి వెళ్ళి చెప్పింది. "మావయ్యా, సోమారం మీకు ఆపరేషను."

"ఇంకెవులికి?"

"సిన్నమావయ్యకి కూడా. పక్క మంచవే ఇచ్చినారు."

గోవిందరావు చిలక్కొయ్యకున్న కోటువైపు తిరిగి, నువ్వే చెప్పు అన్నట్టు చేతులు చాచాడు.

"ఛీ. కట్టు ఇప్పగానే ముందు ఆడి మొకవేటి సూడాల?"