అత్తమ్మ పాటకు నేను చెప్పిన అర్థం

మా ఇంటికి టేప్ రికార్డర్ వచ్చిన ఏడాది నేను నాందేడులో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. డెబ్బైల చివరి రోజులు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన నాన్న స్నేహితుడు దాన్ని తెచ్చి మా ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. నల్లటి పెట్టె, పైన పట్టుకోవడానికి పిడి, ముందువైపు పియానో మెట్లలాంటి ఆరు మీటలు. ఎర్ర మీటను, దాని పక్క మీటను కలిపి నొక్కితే మన మాటలే దానిలోకి పోతాయని ఆయన చూపించినప్పుడు మా రైల్వే క్వార్టర్ల వరుసంతా మా ఇంట్లోనే ఉంది.

నాన్న గూడ్సు బండ్లకు గార్డు. మాది బిలోలి దగ్గర మంజీర ఒడ్డున ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ ఉర్దూ. ఈ మూడింటి మధ్య పెరిగినవాళ్లకు ఏ పాటా పరాయిది కాదు. పొద్దున్నే గాలి అటునుంచి వీస్తే గురుద్వారా కీర్తన మా పెరటిదాకా వచ్చేది. ఇత్వారా బజారుకు వెళితే పాన్ డబ్బా దగ్గర ఖవ్వాలీ. పక్కింటి మరాఠీ ఆవిడ అభంగాలు పాడుతూ గిన్నెలు తోమేది. మధ్యాహ్నం రేడియోలో గరగరల నడుమ హైదరాబాద్ స్టేషన్ దొరికేది. నాకు మాత్రం హిందీ సినిమా పాటలంటే పిచ్చి. అవి తప్ప మిగతావన్నీ పాటలే కావనుకునే వయసు అది.

మా ఇంట్లో అసలు పాట మా అత్తమ్మది. ఆమె నాన్నకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మామయ్య పోతే, నేను పుట్టిన ఏడాది మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. పొడుగ్గా, బక్కగా ఉండేది. ఇంట్లో కరెంటు ఉన్నా, వీధి చివర పిండి గిర్ని ఉన్నా, జొన్నలు మాత్రం విసుర్రాయి మీదే విసిరేది. గిర్ని పిండికి రొట్టె సాగదనేది. రాయి తిరిగితే ఆమె నోట్లో పాట కూడా తిరిగేది. నేర్చుకున్న పాటలు కొన్నే. మిగతావన్నీ అప్పటికప్పుడు కట్టుకునేది. నాన్న డ్యూటీకి పోయిన బండి, పాలలో మూతి పెట్టిన పిల్లి, నాకు వచ్చిన మార్కులు, అన్నీ ఆమె పాటలోకి వచ్చి చేరేవి. క్వార్టర్లలో ఏ తెలుగువాళ్లింట్లో పెళ్లయినా పసుపు దంచేరోజు ముందు ఆమెకే పిలుపు వచ్చేది.

ఒకరోజు ఆమె విసురుతుండగా టేప్ రికార్డర్‌ను బియ్యం డబ్బా వెనక పెట్టి, పైన తువ్వాలు కప్పి, రెండు మీటలూ నొక్కాను. అప్పుడు నాకు ఎగతాళి చేయాలన్న ఆలోచన లేదు. ఈ మాట నా తప్పు తగ్గించుకోవడానికి చెప్పడం లేదు, జరిగింది అంతే. మిషన్ ఎంత దూరంనుంచి పట్టుకుంటుందో చూద్దామనుకున్నాను. పట్టుకుంది. రాయి గరగర, ఆమె గొంతు, మధ్యలో పిల్లిని అదిలించడం, అన్నీ. సాయంత్రం ఒక్కదాన్నే తలుపు వేసుకుని విన్నాను. ఆ రోజు ఆమె కట్టిన పాట నా మీద.

గోదారి గట్టెక్కి నా బిడ్డ వచ్చె
గొల్లున నవ్వితె గోడలే మురిసె
పుస్తకం పట్టితె పొద్దెక్క మరిచె

విని సంతోషపడ్డాను. ఆమెకు వినిపించాలని కూడా అనుకున్నాను. కాని అదే క్యాసెట్టులో ఆ పాటకు ముందు ఖాళీగా మిగిలిన చోట సినిమా పాటలు ఎక్కించే హడావుడిలో పడి మరిచిపోయాను.

దసరా వెళ్లాక మా క్లాసు అమ్మాయిలం ఆరుగురం సహస్రకుండ్ వెళ్లాలనుకున్నాం. పైన్‌గంగ నది నల్లటి బండల మీదినుంచి లెక్కలేనన్ని పాయలుగా చీలి దూకే చోటు అది. వానలు వెనకపట్టినా నీళ్లు ఇంకా నిండుగా ఉంటాయి. మగతోడు లేకుండా అమ్మాయిలు అంతదూరం పోవడం అప్పట్లో పెద్ద సాహసమే. నాన్న చాలాసేపు ఆలోచించి ఒక్క షరతు పెట్టాడు.

"మీ అత్తమ్మ ఎంబడస్తే పో. లేకుంటే లేదు."

నాకు ప్రాణం ఉసూరుమంది. అందరి అమ్మానాన్నలూ ఒప్పుకున్నది మాత్రం ఆ ఒక్క షరతు వల్లే. పెద్ద మనిషి వెంట ఉందంటే వాళ్లకూ ధైర్యం కలిగింది.

పొద్దున బండెక్కి ముద్ఖేడ్‌లో దిగి, ఆదిలాబాద్ వైపు పోయే చిన్న బండి పట్టుకున్నాం. సహస్రకుండ్ స్టేషన్‌లో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. రొట్టెల మూట, నీళ్ల చెంబు, టేప్ రికార్డర్, మూడూ అత్తమ్మ దగ్గరే. "మీరు ఎగురుతరు, దుంకుతరు, గది పగులుద్ది," అని ఆ పెట్టెను తన పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జలపాతం కనపడకముందే దాని మోత వినిపించింది. ఒడ్డున మహాదేవుని గుడి దాటి బండల మీదికి దిగాం. ఇనుము పోతపోసినట్టున్న రాళ్లు. మాకు అంచుదాకా పోయి, నీళ్లు విరిగిపడే చోట నిలబడాలని ఉంది. అత్తమ్మ వద్దంటుందనుకున్నాను. అనలేదు. చీర గోచి పెట్టి, పెట్టెను వీపుకు కట్టుకుని, చేతికర్రతో రాళ్లను తడుముతూ తనే ముందు నడిచింది.

"నేను కాలు పెట్టిన కాడనే పెట్టున్రి. పాచి ఉన్న కాడ పెట్టకున్రి."

మంజీర ఒడ్డున పుట్టిన మనిషి. నీళ్ల సంగతి ఆమెకు తెలుసు. స్నేహితులు ఐదుగురూ ఆమె అడుగుల్లోనే నడిచారు. నేను మాత్రం వాళ్ల ముందు నా ధైర్యం చూపించాలని పక్కనున్న బండమీదికి దుమికాను. కాలు జారింది. నడుములోతు పాయలో పడ్డాను. నీళ్లు నన్ను అంచువైపు లాగేశాయి. ఆ లాగుడు ఎంత మెత్తగా ఉంటుందో, ఎంత బలంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. అత్తమ్మ బండమీద బోర్లా పడి, నా జడ అందుకుని, తర్వాత రెక్క పట్టుకుని పైకి గుంజింది. ఆమె మోచేయి నుంచి మణికట్టుదాకా చర్మం గీరుకుపోయింది. వీపు మీది పెట్టెకు మాత్రం తడి తగలలేదు.

తిట్టలేదు. తన కొంగుతో నా తల తుడిచి, "మీ నాయనకు చెప్పకు. మల్ల ఎటూ పంపడు," అంది.

ఒడ్డుకొచ్చి రొట్టెలు తిన్నాం. చెయ్యి కడుక్కుని కట్టు కట్టుకుంటానని ఆమె గుడివైపు వెళ్లింది. మేము చెట్టు కింద టేప్ రికార్డర్ పెట్టాం. ఇంట్లో అది కరెంటు మీద నడిచేది. ఇక్కడికి పాత సెల్లులు వేసి తెచ్చాను. మొదటి రెండు సినిమా పాటలు బాగానే వచ్చాయి. మూడోదానికి పాట నెమ్మదించి సాగడం మొదలైంది. ఇంతలో సినిమా పాటలు అయిపోయి విసుర్రాయి మోత వచ్చింది. నేను ఆపబోయేలోగా అత్తమ్మ గొంతు వచ్చేసింది. సెల్లులు నీరసించడంతో ఆ గొంతు బరువుగా, మందంగా, నిద్రలో మూలిగే మగవాడి గొంతులా ఉంది.

"కోణ్ గ హా మ్హాతారా?" అంది ఒక స్నేహితురాలు, ఎవరీ ముసలాయన అని. అందరూ పగలబడి నవ్వారు.

సెల్లులు అయిపోయాయి, అందుకే అలా వస్తోంది అని చెప్పాలి. ఒక్క మాట. అది నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. కాని వాళ్ల నవ్వు నా మీదికి మళ్లుతుందేమోనని భయం వేసింది. గంట క్రితం నీళ్లలో పడి అప్పటికే నవ్వులపాలయ్యాను. అందుకని నేనే ముందు నవ్వాను. "మా అత్తమ్మ. మా ఇంటి సినిమా గాయని," అన్నాను మరాఠీలో.

"ఏం పాడుతోంది? అర్థం చెప్పు."

చెప్పాను. ఉన్న అర్థం చెప్పలేదు. నేను నవ్వితే ఇంటి గోడలు కూలుతాయట, పుస్తకం పట్టుకుంటే సిగ్నల్ పడని గూడ్సు బండిలా సూర్యుడు ఆగిపోతాడట అని, అత్తమ్మ మరాఠీ మాట్లాడే యాసను అనుకరిస్తూ, చేతులు విసుర్రాయిలా తిప్పుతూ చెప్పాను. వాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నేను ఇంకా రెచ్చిపోయాను. ఉన్నట్టుండి ఎదురుగా ఉన్న అమ్మాయి నవ్వు ఆపి నా వెనక్కి చూసింది.

అత్తమ్మ నిలబడి ఉంది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది. క్యాసెట్టు ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఏంది బిడ్డా, గది నా గొంతేనా?"

ఆమె దగ్గరికొచ్చి, వంగి, పెట్టెకు చెవి పెట్టి కాసేపు విన్నది. తర్వాత నవ్వింది.

"గిట్లుంటదా నా గొంతు? ఇన్నేండ్ల సంది ఎట్ల ఇన్నరే మీరు?"

అమ్మాయిలు ఊపిరి పీల్చుకుని మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమే మీట నొక్కి ఆపి, పెట్టెను పాత చీరలో చుట్టడం మొదలుపెట్టింది. తిరుగు బండిలో అందరికీ పల్లీలు పంచింది. మాటల్లో ఏ తేడా లేదు. ఆ తేడా లేకపోవడం నాకు అప్పుడు ధైర్యమిచ్చింది.

మర్నాడు విసుర్రాయి తిరిగింది. పాట రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది అమ్మ. వారమైనా రాలేదు. పక్క వరుసలో పెళ్లి వస్తే పసుపు దంచడానికి వెళ్లి, గొంతు పట్టేసిందని చెప్పి మూల కూర్చుని వచ్చింది. నాన్న ఒకసారి భోజనం చేస్తూ, "అక్కా, ఇల్లు సప్పగున్నది, ఓ పాట పాడరాదు," అన్నాడు. "ఉన్న పాటలన్నీ ఒడిసినయి తమ్మీ," అంది ఆమె. నేను పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

వజీరాబాద్ బజారుకు వెళ్లి కొత్త సెల్లులు కొన్నాను. వేసి, ఆమె ముందు పెట్టి, గొంతు ఎంత బాగుంటుందో వినిపిద్దామనుకున్నాను. రెండు రోజులు ఆ పెట్టె చుట్టూ తిరిగాను. వినిపిస్తే నా అపరాధం గురించి కూడా మాట్లాడాల్సి వస్తుందని భయం. మూడోరోజు అంతకంటే సులువైన పని చేశాను. ఆమె పాట ఉన్న చోట రేడియో పెట్టి సినిమా పాట ఎక్కించాను. అది ఇంట్లో లేకపోతే జరిగింది కూడా లేకుండా పోతుందనుకున్నానేమో. ఎర్ర మీట నొక్కినప్పుడు ఏం పోగొడుతున్నానో నాకు బాగా తెలుసు. అయినా నొక్కాను.

రెండేళ్లకు నా పెళ్లయింది. నా పసుపు దంచేరోజు అత్తమ్మ రోలు దగ్గరే కూర్చుంది, రోకలి పట్టింది, పాట మాత్రం వేరేవాళ్లు పాడారు. నాన్న పదవీ విరమణ తర్వాత ఆమె కిన్వట్ పక్కన గోకుందలో ఉండే మా చిన్నాయన ఇంటికి వెళ్లింది.

ఎనభైల మధ్యలో ఒకసారి ఆదిలాబాద్‌లో పని చూసుకుని వస్తూ, చెప్పకుండానే గోకుందలో దిగాను. మధ్యాహ్నం. చిన్నాయన ఇంటి వీధి మలుపు తిరిగేసరికి అత్తమ్మ పాట వినిపించింది. చిన్నమ్మ కొత్తగా కట్టించిన అరుగు గురించి, టేకు కర్రల గురించి, కిన్వట్ కలప బండ్ల గురించి ఏదో కట్టి పాడుతోంది. సన్నగా, తేటగా, చివర కొంచెం వణికే గొంతు. నేను పరుగులాంటి నడకతో వెళ్లి తలుపు తోశాను. పాట ఆగిపోయింది.

"అత్తమ్మ పాడుతుందా?" అన్నాను చిన్నమ్మతో వంటింట్లో.

"పాడకేమి? రోజు పాడ్తది. మీ ఇంట్ల పాడకపోతుండెనా?" అంది ఆమె ఆశ్చర్యంగా.

భోజనాల తర్వాత అత్తమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. సెల్లులు అయిపోవడం, ఆ బరువు గొంతు ఆమె అసలు గొంతు కాకపోవడం, తెలిసీ నేను నోరు మెదపకపోవడం, పాట చెరిపేయడం. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. ఆమె నా వీపు నిమురుతూ విన్నది.

"సెల్లుల ముచ్చట నాకెరుకే బిడ్డా. ఆ వారంల్నే నేనడిగితె మీ నాయన చెప్పిండు. సెల్లులు పోతె ఎవ్వరి గొంతైనా గట్లనే ఒస్తదని."

"మరి?"

ఆమె కోపంగా లేదు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు చేతులు చూసుకుంది.

"గొంతుదేముంది? ఆ పోరీలు నవ్విన్రు, పరాయోళ్లు, నవ్వుతరు. నువ్వు నా పాటకు అర్థం చెప్పినవు గదా. నేను గుడి మెట్ల కాడికెల్లే విన్న. నాకు మరాఠీ రాదా?"

క్షమించమన్నాను. "గంత పెద్ద మాటెందుకు? చిన్నతనంల అన్నవు," అని లేచి, నాకు ఇష్టమని సజ్జ రొట్టె ముక్కలు, బెల్లం తెచ్చిపెట్టింది. ఆమె నన్ను ఎప్పుడో క్షమించేసింది. కాని నా ముందు పాడటం క్షమించినంత సులువు కాదు. అది ఆమె చేతిలో కూడా లేదని ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత ఆమె ఇంకా కొన్నేళ్లు బతికింది. ఏడాదికి రెండుమూడుసార్లు వెళ్లేదాన్ని. వీధి మలుపు దగ్గర ఆగి వినేదాన్ని. పాట వినిపిస్తే, ఎండైనా వానైనా, పక్కింటి గోడకు ఆనుకుని నిలబడి, అది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు తలుపు కొట్టేదాన్ని.