ఓనరమ్మ ఊటీ గిడ

పోయిన మంగళవారం మా ఇంటి ఓనరమ్మ పోయారు. పొద్దున్నే వంటింట్లో పనులు చూసుకుని, హాల్లో కుర్చీలో కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. పనమ్మాయి వచ్చి చూసి, అత్తిబెలెలో ఉండే కూతురికి ఫోన్ చేసింది. ఆ కూతురే నాకు చెప్పింది. అప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను.

ఏడేళ్ళుగా ఆవిడ పైవాటాలో అద్దెకుంటున్నాను. ఆవిడ తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. భర్త చిక్కపేటలో బట్టల కొట్టు నడిపేవారు. ఆవిడ తెలుగులో సగం కన్నడమే. నా గుంటూరు తెలుగు రేడియో వార్తల్లా ఉందని నవ్వేవారు.

వంటింటి కిటికీలో ఒక సైక్లమెన్ కుండీ ఉండేది. మట్టిలోంచి సగం పైకి కనిపించే దుంప, గుండెకాయ ఆకారపు ఆకుల మీద తెల్లని గీతలు, సన్నని కాడల చివర గులాబీరంగు పూలు. పూలరేకులన్నీ గాలికి వెనక్కి ఎగిరినట్టుంటాయి. భర్త పోయే ముందు ఏడు ఊటీ నుంచి తెచ్చారట. మొక్కను కన్నడంలో గిడ అంటారు. ఆవిడకు అది ‘ఊటీ గిడ’.

మూడేళ్ళ కిందట ఆవిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఆరువారాలు కూతురి దగ్గర ఉన్నారు. వెళ్తూ తాళంచెవి ఇచ్చి, దుంప నెత్తిన మాత్రం నీళ్ళు పోయొద్దన్నారు. నేను ఫోన్ చూసుకుంటూ తలూపాను. రోజూ ఒక మగ్గు సరిగ్గా నడినెత్తినే పోశాను. ఆకులు వాడితే దాహమేమోనని ఇంకో మగ్గు పోశాను. ఒకరోజు వేలితో నొక్కితే దుంప మెత్తగా లోపలికి దిగింది. కుళ్ళు వాసన. కూతురికి ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేక, నర్సరీకి వెళ్ళి అదే రంగు పూల మొక్క తెచ్చి ఆ కుండీలోనే నాటాను.

ఆవిడ కర్ర పట్టుకుని వచ్చారు. కిటికీ దగ్గర కాసేపు నిలబడి, బాగుందని చెప్పి, నాకు కాఫీ ఇచ్చారు. గండం గడిచిందనుకున్నాను. కానీ ఆ తర్వాత మెట్ల మీద ఆవిడ ఎదురైతే చూపు తిప్పుకునేవాణ్ణి. ఆదివారాలు కాఫీకి పిలిస్తే పనుందని చెప్పేవాణ్ణి.

ఎండాకాలం వచ్చింది. అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్ళినప్పుడు చూస్తే కొత్త మొక్క ఆకులన్నీ పసుపుపచ్చగా రాలుతున్నాయి. ఇదీ పోతోందనిపించింది. నిలబడిన చోటే జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ బీన్స్ తుంచుతున్నారు. చెయ్యి ఆపలేదు. “దుంప చూస్తానే తెలిసిందప్పా. పాతది నా పిడికిలంత ఉండె. ఇది నిమ్మకాయంత ఉండాది.”

మరి ఎందుకు అడగలేదన్నాను.

“నువ్వే చెప్తావని చూస్తా ఉంటిని.”

అది ఆయన తెచ్చిన మొక్క కదా అన్నాను. “ఆయనే పోయినాడు. ఆయన తెచ్చిన గిడ ఉంటాదా? కూర్చో, కాఫీ తాగి మూడు నెలలాయె.”

పాత దుంపను ఏం చేశావని అడిగారు. తడిచెత్తలో వేశానన్నాను. పొడిచెత్తలో కలపలేదు కదా, అంతవరకు మేలే అని నవ్వారు.

రాలుతున్న ఆకులను చూపించి, అది చావడం లేదని, వేసవిలో పడుకుంటుందని చెప్పారు. నీళ్ళు తగ్గించి, చివరకు మానేసి, కుండీని మెట్ల కింద చల్లని నీడలో పెట్టించారు. ఆ బోడి దుంపను నేను వారానికి రెండుసార్లు వెళ్ళి చూసేవాణ్ణి. “పడుకున్నదాన్ని లేపితే కోపం వస్తాది, వదిలెయ్యి” అనేవారు. వానలు వెనకబట్టాక దుంప మీద ఆవగింజంత చిగుళ్ళు కనిపించాయి. కొత్త మట్టిలో, దుంప సగం పైకి ఉండేలా నా చేతే నాటించారు. వాడిన పూలను కత్తిరించకుండా, కాడను మొదట్లో మెలితిప్పి ఒక్క లాగు లాగడం నేర్పారు. ఆ చలికాలం పదకొండు పూలు పూసింది. అప్పటినుంచి ఆదివారం కాఫీ ఎప్పుడూ మానలేదు.

మంగళవారం సాయంత్రం, ఆవిడను తీసుకెళ్ళడం అయిపోయాక, వంటింటి కిటికీ మూసి రమ్మని కూతురు నన్ను లోపలికి పంపింది. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆవిడ నీళ్ళు పళ్ళెంలోనే పోసేవారు; అరగంటలో మొక్క తాగినన్ని తాగాక మిగతావి పారబోసేవారు. పొద్దున పోసినవి పొద్దుగూకినా అలాగే ఉన్నాయి. పళ్ళెం వంపేశాను. కుండీని సింకు మీద పట్టుకుని, అడుగునుంచి చుక్కలు పడటం ఆగేదాకా నిలబడ్డాను.