రుమాలు వేసిన టెర్మినల్

డెబ్బైల చివర, జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంలో, కంప్యూటర్ విభాగంలో చేరాను. గోదాముల్లోని సరుకు వివరమంతా ఒకే పెద్ద యంత్రంలో ఉండేది. దానికి తెర, మీటలు ఉన్న టెర్మినళ్ళు మూడు. వాటి ముందు కూర్చోవలసిన వాళ్ళం అంతకు రెట్టింపు పైనే. యంత్రాన్ని తెరవడానికి అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ కూడా గోడ మీద సుద్దతో రాసి ఉండేది.

కాలేజీ వాదపోటీల్లో అబ్బిన ప్రశ్నించే అలవాటు నన్ను ఊరుకోనివ్వలేదు. "తప్పు జరిగితే అది ఎవరిదో యంత్రం ఎలా చెబుతుందండీ?" అని మా అధికారిని అడిగాను.

ఆయన కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. "బాగా అడిగారండి. ఆ పనేదో మీరే చెయ్యండి మరి," అన్నారు.

చేశాను. యంత్రంలో ఒక్కొక్కరికి విడిగా ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెట్టాను. ఎవరు వివరాలను చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు తొలగించవచ్చు అన్న హద్దులు నిర్ణయించాను. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు అక్షరాలు తెర మీద కనబడకుండా చేశాను. సుద్దరాత చెరిపి, ఆ చోట ఒక నియమం అంటించాను: ఒక పేరు మీద జరిగిన ప్రతి పనికీ ఆ పేరు గల వ్యక్తే బాధ్యులు. ఆ వాక్యంలో ఎక్కడా లోపం కనబడలేదు నాకు.

అయితే ఆ గదిలో అంతకంటే పాత ఆచారం ఒకటి ఉంది. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టే, టీకి వెళ్ళేవాళ్ళు టెర్మినల్‌ను తమ పేరు మీద తెరిచే ఉంచి వెళ్ళేవారు. మూసి వెళితే వరస పోతుంది. తెరిచి ఉంచితే తిరిగివచ్చి కూర్చునే హక్కు మిగులుతుంది. ఈలోగా తొందర ఉన్నవాళ్ళు కూర్చుని తమ పని చూసుకుని లేచిపోవచ్చు. పేర్లు విడివిడిగా ఏర్పడిన తరవాత కూడా రుమాళ్ళు అలాగే పడుతూ వచ్చాయి.

మా ఆపరేటర్లలో ఒకామె కూకట్‌పల్లి నుంచి వచ్చేది. నాకంటే పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ నెలాఖరుకు తేలవలసి ఉంది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

ఒక మధ్యాహ్నం, ముడిసరుకును కరిగించడానికి వాడే సాల్వెంట్ డ్రమ్ముల నిల్వ వివరం మొత్తం యంత్రంలోంచి తొలగిపోయింది. డ్రమ్ములు గోదాములోనే ఉన్నాయి, కాని యంత్రం లేవన్నది. ఆ మాట నమ్మి ఒక పూట ప్లాంటు ఆపేశారు. తొలగించినది ఎవరని యంత్రాన్ని అడిగితే, అది అక్క పేరు చెప్పింది.

అధికారి గదికి వెళ్ళాను. "ఆ సమయానికి అక్క క్యాంటీన్లో నా పక్కనే ఉందండి. నేనే సాక్షిని."

"ఉండొచ్చండి. మరి ఆవిడ పేరు తెరిచిపెట్టి వెళ్ళింది ఎవరు?"

"అది ఇక్కడ అందరూ చేసేదే."

"గోడ మీద ఉన్నది అలవాటు కాదు కదండీ, మీ నియమం."

"పేరు వేరు, చెయ్యి వేరండి. పేరు దొరికితే చెయ్యి దొరికినట్టు కాదు."

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నారు. "ఇది నియమం రాసేనాడు చెప్పవలసిన మాటండి. నేను పైవాళ్ళకి ఏదో ఒక పేరు ఇవ్వాలి."

ఎదుటివాడి వాక్యాన్ని ఖండించడం నాకు నేర్పారు. నా వాక్యమే ఎదురు వచ్చి నిలబడితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

మా గదిలోకి తిరిగివచ్చి, ఆ సమయంలో అక్క కుర్చీలో కూర్చున్నది ఎవరని అడిగాను.

"జర కూసున్న గని, చూసుడే. నేనేం తీసెయ్యలే," అన్నాడొకాయన.

మరొకాయన నవ్వాడు. "తమ్మీ, ఇదివరకు తిట్లు పడితే అందరం పంచుకునేటోళ్ళం. నువ్వొచ్చినంక మొత్తం ఒక్కరికే పార్సెల్ కట్టిస్తున్నవ్."

ఎవరూ ఒప్పుకోలేదు. నెలాఖరున నిర్ణయం వచ్చింది: అక్కను తీసివేయలేదు, ఖాయం చేయడం మాత్రం మరో ఏడాది వాయిదా.

"ఫికర్ చెయ్యకు తమ్మీ," అన్నది ఆమె బస్టాపులో. "పని పోలే కదా."

"ఇది అన్యాయం అక్కా."

"అన్యాయమే. గిప్పుడేం చేస్తవ్? ఇంకో కాయితం అంటిస్తవా?"

కాగితం అంటించలేదు. కొద్ది నిమిషాలు ఎవరూ తాకకపోతే టెర్మినల్ దానంతటదే మూసుకునేట్టు చేశాను. మర్నాటి నుంచి టీకి లేచేవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పి వెళ్ళసాగారు: "మధ్యమధ్యల ఒక మీట నొక్కుతుండు, మూసుకపోకుంట."

గదిలో లేచినప్పుడల్లా మూసి వెళ్ళేది అక్క ఒక్కతే. తిరిగి వచ్చేసరికి చోటు ఉండేది కాదు. కాగితాలు పట్టుకుని గోడ పక్కన, నా నియమం కింద, నిలబడేది. ఒకరోజు చూడలేక నా టెర్మినల్ ముందు నుంచి లేచాను. "కూర్చో అక్కా. తెరిచే ఉంది."

ఆమె కదలలేదు. "నీ పేరు మీద నేను కూసోను. ముందు మూసెయ్యి."

మూశాను. అప్పుడు వచ్చి కూర్చుని, తన పేరు కొట్టింది. తెర మీద అక్షరాలు ఎలాగూ కనబడవు. అయినా ఎడమచేతిని మీటల మీద అడ్డంగా పెట్టుకుని, పాస్‌వర్డ్ మెల్లగా కొట్టసాగింది. నేను అటు తిరిగి నిలబడ్డాను.