మా గుమ్మం ముందు కుళాయి గొయ్యి

ఈ సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. కక్కలేక మింగలేక ఇన్నేళ్లూ కడుపులోనే పెట్టుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలికనిపిస్తోంది. తేలికైన దారి వెతుక్కోవడం నాకు మొదటినుంచీ అలవాటే లెండి.

మాది రాజాం దగ్గర ఒక ఊరు. పొద్దున్న కాసేపే కుళాయి వస్తుంది. మా వీధికొచ్చేసరికి నీళ్లకు జోరుండదు. అందుకని ఇక్కడ చాలామంది చేసే పనే నేనూ చేశాను. గుమ్మం ముందు గొయ్యి తవ్వించి, పైపు దిగువకి కోయించి, కుళాయిని గోతి అడుగున పెట్టించాను. ఎంత దిగువన ఉంటే అన్ని నీళ్లు. ప్లంబరు సత్యం ఆ పైపుకి ఒక వాల్వు బిగించాడు. నీళ్లు బయటికి రావాలి గానీ గోతిలో మురికి తిరిగి పైపులోకి పోకూడదమ్మా, దీన్ని మాత్రం కదపొద్దు అని మరీ మరీ చెప్పాడు. వాల్వు పెట్టాక ధార సన్నబడింది. పక్కింటి బిందెలన్నీ నిండిపోయినా నాది సగమే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొకతన్ని పిలిచి తీయించేశాను.

ఆ ఏడు వానలకి వీధి కాలువ పొంగి గొయ్యి నిండిపోయింది. కుళాయి మునిగిపోయింది. నీళ్లు ఆగిపోయాక, గొయ్యి తోడదామని చెంబు పట్టుకుని వెళ్లాను. ఎగువన ఎవరో పైపుకి మోటారు పెట్టి లాగుతున్నట్టున్నారు. నా కళ్ల ముందే ఆ మురుగు గుటగుటమంటూ కుళాయిలోకి దిగిపోతోంది. ఎక్కడికి పోతోందో నాకు తెలియదా? తెలుసు. సత్యం మాట గుర్తొచ్చింది కూడా. అయినా అప్పుడు నాకు కలిగింది భయం కాదు. తోడే చాకిరీ తప్పిందని సంతోషం. అన్నిటికంటే ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. మర్నాడు మా ఇంట్లో తాగడానికి మాత్రం నీళ్ల టిన్ను తెప్పించాను. వీధిలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఏమని చెప్పను? నా గొయ్యి నీళ్లు మీ బిందెల్లో ఉన్నాయనా?

అదే పైపు మీద, మా పక్కనే అప్పలనర్సమ్మ పిన్ని ఇల్లు. బస్సులాగే చోట చోడి అంబలి, అదే రాగి అంబలి, అమ్మేది. ముందురోజు కాచి పులవబెట్టి, పొద్దున్నే కుళాయి నీళ్లూ మజ్జిగా పోసి పలచన చేసేది. ఆ మర్నాడు ఆమె అంబలి తాగినవాళ్లందరికీ వాంతులు, విరేచనాలు. రోజూ ఆమె దగ్గరే తాగే ముసలి రిక్షా తాత ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అంబలి తాగనివాళ్లు కూడా కొందరు జబ్బు పడ్డారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. పట్టించుకునే నోరు మూసుకున్నాను. గుట్టుగా గొయ్యి పూడ్పించేశాను. నీళ్ల ఆఫీసు మనిషి వచ్చి వీధిలో గోతులెక్కడున్నాయని అడిగితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. పైకి మాత్రం మాకు లేదనేశాను.

తర్వాత పిన్ని మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"నా అంబలి వల్లేనంటావేటి తల్లీ? కుండ బాగా తోమినాను. పిండి బాగా ఉడికించినాను. మరెలాగయినాదే?"

చెప్పడానికి అదొక్కటే అదను. అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం.

"వానాకాలం గదా పిన్నీ, ఎక్కడో సూసుకోకుండా ఉండిపోనావేమో. కావాలని సేసినావేటి? బెంగెట్టుకోకు" అన్నాను.

ఆమె తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. "అంతేనేమో తల్లీ. నా సేతులే మంచివి కావు" అంది. ఇంకా పైగా నాకు దణ్ణం పెట్టి వెళ్లింది, నువ్వొక్కదానివే నన్ను తిట్టలేదు అని.

దానికంటే తిట్టి ఉంటే బాగుండేది కదా? నేనెందుకు ఓదార్చాను? ఆమె బాధ చూడలేకనా, ఆ తప్పు ఆమె దగ్గరే ఉండిపోవాలనా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగి చూసుకున్నా రెండోదే నిజమనిపిస్తుంది.

పిన్ని మళ్లీ అంబలి కాయలేదు. ఇప్పుడు ఒక కాలేజీలో గదులు తుడుస్తోంది. తన చేత్తో ఎవరికీ ఏదీ పెట్టదు. మొన్న ఎండలో వాళ్లింటికి వెళ్లి మంచినీళ్లడిగాను. కడవ మీద మూత తీసి, పక్కకి జరిగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేనివ్వను తల్లీ. నువ్వే ముంచుకో" అంది.

ముంచుకుని తాగాను. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. ఆమె ముందు ఈ మాట అనే ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందో రాదో చెప్పలేను. ఇక్కడైతే రాయగలిగాను. పిన్ని చేతుల్లో ఏ తప్పూ లేదు. ఆ మురుగు నా గోతిలోది.