కోటలో టార్చి బేరం

మా దుకాణంలోకి కొత్తకొత్త షాంపూ పొట్లాలు వస్తున్న ఏండ్లవి. ఓ ఆదివారం నా భార్యతో చంద్రపూర్‌లో గోండు రాజుల కోట చూడ్డానికి పోయాను. నేలకిందికి దిగే మెట్ల దగ్గర, టార్చి వేసి దారి చూపే ఆయన అడిగింది ఎక్కువన్నాను. బేరం కుదరకపోతే వెనక్కి చూడకుండా నడిస్తే వాళ్లే పిలుస్తారన్నది మా ఇంటి చదువు. అట్లాగే చీకట్లోకి దిగాను. ఆయనా మొండివాడే, పిలవలేదు.

కాసేపటికి నా చేయి నాకే కనబడలేదు. నా భార్య వెనకనుంచి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. తిరుగుదామంటే పరువు అడ్డం. ఇంతలో కింద నీళ్లు కదిలిన చప్పుడైంది.

"ఎంతంటే గంతిస్త, రావయ్యా" అని అరిచాను.

"పైసలు తర్వాత సేట్, అడుగెయ్యకుండ్రి" అంటూ పరుగున వచ్చి టార్చి వేశాడు. నా కాలి ముందు మెట్టు లేదు, నల్లటి బావి ఉంది.

"ఇంక చెయ్ బేరం" అంది నా భార్య, ఏడుస్తూ.