వంచి కట్టిన వేళ్లు

పోయిన వారం మా మీది అంతస్తుల కిరాయికుండే పిల్లవాడు చేతికి పట్టీతోటి మెట్లెక్కుతుంటే చూసిన. గాజుపెంకు గీసుకొని వేలి నరం తెగిందట, హైదరాబాదుల ఆపరేషన్ చేయించుకొని వచ్చిండు. వేళ్లు లోపలికి వంచి, చెయ్యి వెనక గట్టి చెక్క లాంటిది పెట్టి కట్టిన్రు. ఒకప్పుడు దవాఖానాల పనిచేసిన బుద్ధి ఎక్కడ పోతది, బిల్లు ఎట్ల పెట్టిన్రు నాయనా అని అడిగిన. అంతా ఫోన్లనే అయిపోయిందని నవ్వుకుంట పోయిండు. ఆ వంచి కట్టిన వేళ్లు చూసినంక మా చిన్నాయన చెయ్యి యాదికొచ్చింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటది, తెల్లకార్డు ఉన్నోళ్లకు సర్కారే ఆపరేషన్ చేయించే పథకం కొత్తగ వచ్చిన రోజులవి. అంతకుముందు పెద్ద దవాఖానా గడప తొక్కనోళ్లంతా, భద్రాచలం అవతలి అడివి ఊళ్ల నుంచి గూడ, కార్డు ప్లాస్టిక్ కవర్ల చుట్టుకొని పొద్దుగాల బస్సుకు ఖమ్మం దిగేటోళ్లు. నేనక్కడ ఒక ప్రైవేటు దవాఖానాల బిల్లుల సెక్షన్ల ఉండేదాన్ని. బిల్లులంటే ఏదో రసీదులు చింపి ఇచ్చుడు అనుకునేరు, అట్ల కాదు. ఏం దెబ్బ, ఏం ఆపరేషన్, ఎందుకు చెయ్యాల్సొచ్చింది, చేసిన్రనడానికి రుజువేంది, ఇవన్నీ కంప్యూటర్ల ఎక్కించి హైదరాబాదుకు పంపాలె. కోతకు ముందు ఫోటో, కోత అయినంక కుట్లు కనపడేటట్టు ఇంకో ఫోటో. అక్కడ కూసున్న డాక్టర్లు చూసి పాస్ చేస్తరు. చేతి కేసులు వచ్చినయంటే నా ప్రాణానికి గండమే. వేళ్లు సరిగ్గ కనపడ్తలేవు, మళ్లీ పంపండి అని వాపసు కొట్టేటోళ్లు. అప్పటికి ఆ మనిషి చర్లకో వెంకటాపురానికో పోయి ఉంటడు, ఎక్కడని పట్టుకొచ్చేది! నాకసలే నోరు ఆగదు, ఆఫీసుల మింగిన కోపమంతా ఇంటికొచ్చి కక్కేదాన్ని. ఖమ్మంలనే ఖానాపురం హవేలి దిక్కు మా ఇంట్ల కంచాల ముందు కూసుంటే రోజూ ఈ వాపసు కాయితాల పురాణమే.

మా చిన్నాయనది జూలూరుపాడు. పత్తి, మొక్కజొన్న ఏసేటోడు, వారమంతా మట్టిలనే ఉండేటోడు గని, మనసంతా ఆదివారం మీదనే. మా చర్చిల హార్మోనియం ఆయనదే. ఎవరు ఏ శ్రుతిల పాట ఎత్తుకున్నా వాళ్ల గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకొని, మెల్లగ దారిల పెట్టేటోడు. మా చిన్నమ్మ గొంతు ఘోరంగ ఉండేది పాపం, ఆమెతోటి గూడ ఆయన రాగం తీయించిండంటే ఆ చేతిల ఏముందో మీరే అనుకోండి. చిన్నప్పుడు నాకూ నేర్పబోయిండు, నాకు ఓపిక లేక పారిపోయిన.

ఒకేడు చొప్ప కోస్తుంటే కొడవలి జారి కుడిచెయ్యి రెండు వేళ్లు లోపలి దిక్కు తెగినయి. ఊళ్లె ఆర్ఎంపీ డాక్టరు తోలు వరకు కుట్లేసిండు. పుండు మానింది, వేళ్లు మాత్రం ముడవలే. పత్తి ఏరుడు అయినంక చూద్దాంలే అని జాగు చేసి, హార్మోనియం మెట్ల మీద ఆ వేళ్లు పలకకపోతే అప్పుడు భయపడి నా దగ్గరికి వచ్చిండు. మనం నరం అంటం గని అది నరం కాదట, వేలును లోపలికి గుంజే తాడట. ఎన్కటి దెబ్బ కాబట్టి తెగిన కొసలు కలవవు, మణికట్టు కాడ పెద్దగ పని లేని ఒక సన్నని తాడు ఉంటది, అది తీసి వేళ్లల్ల వేస్తమని మా డాక్టరు చెప్పిండు. చిన్నాయన అడిగింది ఒక్కటే మాట, క్రిస్మస్‌కు వాయించొచ్చునా సార్ అని. చెప్పినట్టు ఉంటే వాయిస్తవ్ పెద్దాయనా అన్నడు డాక్టరు.

అప్రూవల్ వచ్చేదాక చిన్నాయన, చిన్నమ్మ మా ఇంట్లనే ఉన్నరు. రోజూ నా పురాణం నడిచేది. మావాళ్లందరూ ఈ చెవితోటి విని ఆ చెవితోటి వదిలేసేటోళ్లు. చిన్నాయన మాత్రం ముద్ద చేతిల పట్టుకొని, పాఠం వినే పిల్లవాని లెక్క వినేటోడు. అయ్యో బిడ్డా, ఇంత కష్టమా నీ కొలువు అనేటోడు. నాకది ఎంత బాగుండేదో! వినే మనిషి దొరికిండని ఇంకింత పెంచి చెప్పేదాన్ని.

ఆపరేషన్ మంచిగనే అయ్యింది, కొత్త తాడు అతికేదాక దాని మీద గుంజుడు పడకుండ వేళ్లు లోపలికి వంచి కట్టిన్రు. డిశ్చార్జికి ముందు కుట్ల ఫోటో కోసం నర్సు కట్టు విప్పింది, వేళ్లు ఎట్లున్నయో అట్లనే ఉంచు తాతా అని చెప్పి ఫోటో తీసేటాయన్ని పిలవడానికి తలుపు కాడికి పోయింది. నేను కింద ఆఫీసుల ఉన్న. ఫోటో వచ్చింది, చూసిన, అంత సాఫ్‌గ ఉన్న చేతి ఫోటో మా సెక్షన్ల ఎన్నడూ చూడలే. కుట్లు కనపడ్తున్నయి, రెండు వేళ్లు నిటారుగ కనపడ్తున్నయి. సంబరంగ పంపిచ్చిన. మొదటి దెబ్బకే పాసైంది.

కొన్ని వారాలకు కట్టు పూర్తిగ తీసిన్రు. ముడువు అన్నడు డాక్టరు. వేళ్లు కదలలే. మళ్ల ముడువు అన్నడు. చెయ్యంత వణికింది గని ఆ రెండు వేళ్లు కర్రల లెక్కనే ఉన్నయి. లోపల తెగినట్టుంది, ఎవరన్నా గుంజిన్రా అని అడిగిండు. చిన్నాయన ఏ దాపరికం లేకుండ, నేనే సార్, ఫోటోల వేళ్లు కనపడాలె గదా, ఎడమ చేత్తోని మెల్లగ చాపిన, టప్పుమన్నది, కుట్టేమో అనుకున్న, మా బిడ్డ కాయితాలు వాపసు రావద్దని, అన్నడు. డాక్టరు నా దిక్కు చూసిండు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ.

మళ్లీ కోస్తనన్నడు డాక్టరు, ఈసారి కాలి నుంచి తాడు తీస్తనన్నడు. చేయించుకొమ్మని నేను చిన్నాయన చేతులు పట్టుకొని బతిమిలాడిన. విత్తనాల కాలమొచ్చింది, ఒక్క కోత చాలు తియ్యి బిడ్డా అని చిన్నాయన బస్సెక్కిండు. ఆ క్రిస్మస్‌కు చర్చిల ఎవరో క్యాసెట్ పెట్టిన్రు. చిన్నాయన వెనక వరుసల కూసొని, అందరికన్నా పెద్దగ పాడిండు. నేను మాత్రం పాటల పుస్తకం తెరవలే. ఆయన కన్నుమూసేదాక నన్ను ఒక్క మాట అనలే. ఒక్కసారన్నా తిట్టి ఉంటే నాకీ బరువు ఇంత ఉండేది కాదేమో.

ఇప్పుడు కట్టు విప్పిన తెల్లారే పక్కన నిలబడి వేళ్లు ఎట్ల కదిలించాల్నో నేర్పేటోళ్లు ఉన్నరు, బిల్లులు ఎవరికీ తెల్వకుండనే పాసైతున్నయి, మంచిదే. నా ఇంట్లనేమో, నేను ఏదన్నా ముచ్చట మొదలువెడితే తలెత్తి చూసేటోళ్లు లేరు, కంచంల ఒక చెయ్యి, ఫోన్ల ఒక చెయ్యి. నా మాటకు విలువ లేకపాయెనని ఒక్కోసారి ఉక్రోషమొస్తది. అంతలోనే అనిపిస్తది, నా బతుకుల నా మాటలన్నీ పొల్లుపోకుండ విన్నది చిన్నాయన ఒక్కడే, ఆయన గూడ వినకపోయుంటే ఎంత బాగుండేది.